జానెడు దూరంలో బతుకు: సముద్రం అడుగున వేడి బుగ్గల పీతలు

(కాకినాడలో జరిగిన ఒక సైన్స్ సభలో జంతుశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగానికి రాత రూపం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పిల్లలు కూర్చున్నారు, వెనకాల రొయ్యల రైతులు కూడా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మంచిది. ఇవాళ చెప్పబోయే దాంట్లో మీ చెరువు అడుగు మట్టి ప్రస్తావన కూడా వస్తుంది, కాబట్టి మధ్యలో లేచిపోకండి. (నవ్వులు)

విషయం పీతలు. మన ఉప్పుటేరుల్లో దొరికే మండపీతలు కాదు. సముద్రంలో రెండు, రెండున్నర కిలోమీటర్ల లోతున, వెలుతురన్నది ఎరగని చీకట్లో, నేల చీలి మరిగే నీళ్లు పైకి చిమ్మే చోట కాపురం ఉండే పీతలు. ఆ చోటుని హైడ్రోథర్మల్ వెంట్ అంటారు. మనకి బుగ్గ అనే మంచి మాట ఉంది కదా, నేను వేడి బుగ్గ అనే అంటాను.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. ఈ పీతల గురించి టీవీలో చూపించినప్పుడల్లా మండే నీళ్లలో బతికే వింత జీవి అని ఊదరగొడతారు. అది నిజం కాదండీ. మండే నీళ్లలో పడితే ఆ పీత కూడా ఉడికి చస్తుంది. దాని గొప్పంతా ఎక్కడ నిలబడాలో తెలియడంలో ఉంది. బుగ్గకి జానెడు దగ్గరకి జరిగితే కాలుతుంది, బారెడు దూరం జరిగితే ఆకలితో, చలితో పోతుంది. సంక్రాంతికి భోగిమంట చుట్టూ నిలబడతాం చూడండి, అలాగ. కాకపోతే మనం తెల్లారేసరికి ఇంటికి పోతాం, దానికి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అదే పని. తిండి, జత, గుడ్లు, ఆఖరికి కళ్లు కూడా ఆ దూరాన్ని బట్టే నడుస్తాయి.

అసలివి మనిషి కంట పడింది 1977లో. దక్షిణ అమెరికాకి పడమరగా, పసిఫిక్ సముద్రంలో, గలపాగోస్ దీవుల దగ్గర. అక్కడ సముద్రపు నేల రెండుగా చీలి, ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఎడం జరుగుతూ ఉంటుంది. చీలిక ఉందంటే కింద కరిగిన రాయి ఉంటుంది. దాని వేడికి కాగిన నీళ్లు ఎక్కడో ఒకచోట పైకి తన్నుకు రావాలి కదా అని భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పట్నుంచో అంటున్నారు. ఆ బుగ్గని చూడాలని ఫిబ్రవరిలో బయల్దేరారు. గమనించండి, వెళ్లిన వాళ్లంతా రాళ్ల మనుషులు, ఓడలో జీవశాస్త్రం చదివిన వాడు ఒక్కడూ లేడు. ఎందుకంటే ఆ లోతులో చూడ్డానికి ప్రాణి ఏముంటుందిలే అనుకున్నారు.

ఆంగస్ అని ఒక ఇనప చట్రం. దానికి కెమెరాలు బిగించి ఓడ వెనకాల తాడుతో అడుగున ఈడ్చారు. వేల ఫోటోలు వచ్చాయి. లావా రాయి, మళ్లీ లావా రాయి. ఒకచోట మాత్రం నీటి వేడి కొద్దిగా పెరిగినట్టు మీటరు చూపించింది. సరిగ్గా ఆ సమయానికి తీసిన పదమూడు ఫోటోల్లో తెల్లటి గుల్లలు గుట్టలుగా పడి ఉన్నాయి. పద్నాలుగో దాంట్లో మళ్లీ ఉత్త రాయి.

తర్వాత ఆల్విన్ అనే చిన్న సబ్‌మెర్సిబుల్‌లో ముగ్గురు కిందికి దిగారు. జాక్ కార్లిస్ అనే ఆయన అద్దంలోంచి చూసి, పైన ఓడలో ఉన్న విద్యార్థినికి ఫోన్ చేసి, లోతు సముద్రం ఎడారిలా ఉండాలి కదా, ఇక్కడ చూస్తే ఎన్ని జంతువులో అన్నాడట. గుల్లలు, ఆల్చిప్పలు, వాటి మీద అటూ ఇటూ తిరుగుతూ తెల్లటి పీతలు. పట్టిన వాటిని పాడవకుండా దాచడానికి ఓడలో ఫార్మలిన్ సరిపడా లేదు. జీవశాస్త్రవేత్త ఉంటే తెచ్చేవాడు! చివరికి పనామాలో కొన్న రష్యన్ వోడ్కాలో వేసి తెచ్చారు. ఆ సీసాలు ఎవరి గదిలోవో చరిత్రలో రాసి లేదు. (నవ్వులు)

ఆ తెల్ల పీతకి 1980లో బైతోగ్రేయా థర్మిడ్రాన్ అని శాస్త్రీయ నామం పెట్టారు. దానికి మళ్లీ వస్తాను. ముందు ఆ బుగ్గ ఎలా పని చేస్తుందో చూద్దాం.

సముద్రపు నీరు నేల పగుళ్లలోంచి కిందికి ఇంకుతుంది. కింద కరిగిన రాయి వేడికి కాగుతుంది, దారిలో రాయిలోని ఇనుము, రాగి, జింకు, గంధకం కరిగించుకుంటుంది. అక్కణ్ణుంచి 350, 400 డిగ్రీల వేడితో పైకి దూకుతుంది. 100 డిగ్రీలకే ఆవిరైపోవాలి కదా అని పిల్లలకి అనుమానం రావాలి. పైన రెండున్నర కిలోమీటర్ల నీళ్లు కూర్చుని ఉన్నాయి. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు రెండున్నర క్వింటాళ్ల బరువు. ఆ ఒత్తిడికి నీరు మరగలేదు, ద్రవంగానే ఉండిపోతుంది. 1979లో మెక్సికో దగ్గర ఇలాంటి ఒక బుగ్గలో ఆల్విన్ వాళ్లు థర్మామీటరు పెడితే దాని ప్లాస్టిక్ కడ్డీ కరిగిపోయింది. వాళ్లకి టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే ఆల్విన్ కిటికీలు కూడా ప్లాస్టిక్ జాతివే.

బయట సముద్రపు నీరేమో 2 డిగ్రీలు. కాగిన నీరు ఆ చల్లటి నీటిని తాకగానే లోహాలు గడ్డకట్టి నల్లటి పొగలా పైకి లేస్తాయి, చుట్టూ పేరుకుని పొగగొట్టాల్లా పెరుగుతాయి. నోటి దగ్గర 350, కొంచెం పక్కన 30, ఇంకాస్త పక్కన 10, ఆ పక్కన 2. ఇంత తేడా అంత కొద్ది చోటులో భూమ్మీద ఇంకెక్కడా దొరకదేమో.

ఇప్పుడు రొయ్యల రైతులు చెప్పాలి. చెరువు అడుగున మట్టి నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడితే ఏమవుతుంది?

(వెనక నుంచి: రొయ్య పోద్ది!)

పోద్ది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. 1977లో తెచ్చిన నీటి సీసాలు ఓడ మీద విప్పగానే వచ్చింది కూడా సరిగ్గా ఇదే వాసన. మీ చెరువులో రొయ్యని చంపే గ్యాసే ఆ బుగ్గ దగ్గర ఊరందరికీ అన్నం పెడుతోంది. ఎలాగంటే, అక్కడ కొన్ని బ్యాక్టీరియాలు ఈ సల్ఫైడ్‌ని ఆక్సిజన్‌తో కలిపి మండించుకుని, ఆ శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ని తిండిగా మార్చుకుంటాయి. మొక్కలు ఎండతో చేసే పనిని ఇవి గంధకంతో చేస్తాయి. ఈ బ్యాక్టీరియాని గొట్టపు పురుగులు ఒంట్లోనే పెంచుకుంటాయి, ఆల్చిప్పలు మొప్పల్లో పెంచుకుంటాయి. వాటిని పీతలు తింటాయి.

ఇక్కడ నాదో చిన్న పేచీ. సూర్యుడితో పనే లేని లోకం అని దీన్ని తెగ పొగుడుతుంటారు. ఇందాక నేను చెప్పింది ఆక్సిజన్‌తో కలిపి అని. ఆ ఆక్సిజన్ ఎక్కడిది? పైన వెలుతురులో నాచు, మొక్కలు వదిలినదే. ధ్రువాల దగ్గర చల్లబడిన బరువు నీటితో కిందికి దిగి, సముద్రమంతా తిరిగి అక్కడికి చేరింది. పీత ఊపిరి పీల్చేదీ దాన్నే. సూర్యుడు ఆరిపోతే వేడి బుగ్గ పీత కూడా కొన్నాళ్లకి పోతుంది. ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియాలు కొన్ని మిగులుతాయి, అది వేరే సంగతి. నిజానికి ఈ పేచీలోనే పీత కథ ఉంది. సల్ఫైడ్ బుగ్గలోంచి వస్తుంది, ఆక్సిజన్ చల్లటి సముద్రంలోంచి వస్తుంది. రెండూ కలిసేది అంచు దగ్గర. ఆ అంచు మీద నిలబడ్డ వాడికే తిండి.

సరే, బైతోగ్రేయా దగ్గరికి వద్దాం. అరచేతిలో పట్టేంత పీత, పాలిపోయిన తెలుపు. ఇది వేటగాడు. గొట్టపు పురుగు ఎర్రటి కుచ్చు బయటికి చాపితే చటుక్కున కొరుకుతుంది, పురుగు గొట్టంలోకి ముడుచుకునేలోపు దొరికినంత లాగుతుంది. ఆల్చిప్పల్ని పగలగొడుతుంది, నత్తల్ని తింటుంది, చచ్చినవి ఏరుకుంటుంది. సల్ఫైడ్ దీనికీ విషమే. మీరు పీతని శుభ్రం చేసేటప్పుడు డొప్ప తీస్తే లోపల పచ్చగా, జిగురుగా ఒక పదార్థం కనిపిస్తుంది. కొందరు పారేస్తారు, కొందరు అదే రుచి అంటారు. అది పీతకి కాలేయం లాంటిది. ఈ బుగ్గ పీత ఒంట్లోకి వచ్చిన సల్ఫైడ్‌ని అక్కడే థయోసల్ఫేట్ అనే, అంతగా హాని చేయని పదార్థంగా మార్చేస్తుంది.

దీని కళ్ల సంగతి కొంచెం నింపాదిగా చెప్పాలి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పీతలా ఉండదు. నీళ్లలో తేలుతూ తిరిగే లార్వా. దానికి మామూలు పీత పిల్లకి ఉన్నట్టే చక్కటి కళ్లు ఉంటాయి, వందల కటకాలు కూర్చిన కన్ను, బొమ్మ ఏర్పడే కన్ను. లోతు నీళ్లలో మిగిలేది నీలం వెలుతురే కాబట్టి ఆ కన్ను నీలానికి బాగా స్పందిస్తుంది, 447 నానోమీటర్ల దగ్గర. తర్వాతి దశలో అది 479కి జరుగుతుంది. పెద్దయి బుగ్గ దగ్గర స్థిరపడ్డాక 489. అంటే నీలం నుంచి మెల్లిగా ఆకుపచ్చ వైపు, ఎరుపు వైపు నడిచే దారిలో పడుతుంది. ఇంతలో కన్ను ఆకారమే మారిపోతుంది. కటకాలు పోతాయి, కంటి కాడ పొట్టిదైపోతుంది, చివరికి వెలుతురు పట్టే పొర ఒక్కటే, మూత లేకుండా, బయటికి తెరుచుకుని మిగులుతుంది. 2002లో ఈ వరసంతా ఒక పరిశోధన బృందం కొలిచి చూపించింది.

చీకట్లో కన్నెందుకు, అదీ బొమ్మ కనబడని కన్ను? వేడి బుగ్గ నోరు మసక మసగ్గా వెలుగుతుందండీ. మన కంటికి ఆనదు. 350 డిగ్రీల వస్తువు చాలావరకు పరారుణంలో వెలుగుతుంది, దాని అంచు ఎరుపులోకి వస్తుంది. సిండీ వాన్ డోవర్ అనే ఆవిడ వేడి బుగ్గ రొయ్యల వీపు మీద కన్నులాంటి అవయవం చూసి, బుగ్గలు వెలుగుతున్నాయా అని అడిగించింది. 1988లో కెమెరా పెట్టి లైట్లన్నీ ఆపేసి తీస్తే నిజంగానే వెలుగు పడింది. ఈ పీత కన్ను కూడా ఆ మసక వెలుగు కోసమే అలా మారుతుందని పరిశోధకుల ఊహ. ఊహే, రుజువు కాలేదు. అదే నిజమైతే ఆ కన్ను తిండిని చూడ్డానికి కాదు, ఇంతకు మించి దగ్గరికి పోకు అని చెప్పడానికి.

ఇంకో విషయం. ఈ పీతలు మనుషులకి దారి కూడా చూపిస్తాయి. నేల మీద వాటి సంఖ్య పెరుగుతోందంటే బుగ్గ దగ్గరపడిందని అర్థం. 2023లో గలపాగోస్ పడమట సుబాస్టియన్ అనే రోబోని దింపిన శాస్త్రవేత్తలకి నీటిలో రసాయన జాడ తెలిసింది గాని బుగ్గ దొరకలేదు. నేల మీద తెల్లటి చిన్న పీతజాతి జీవులు కనిపించాయి. ఒకటి, రెండు, ఆ తర్వాత గుంపులు. వాటి వెంటే పోయారు. 9,000 చదరపు మీటర్లు దాటిన కొత్త బుగ్గల క్షేత్రం దొరికింది, 288 డిగ్రీల నీరు. దానికి స్పానిష్‌లో సెండెరో డెల్ కాంగ్రెహో అని పేరు పెట్టారు, పీతల బాట అని. కోట్ల ఖరీదు చేసే యంత్రం చేతకాక ఆగిన చోట పీత వెనకాల నడిచారు.

ఈ బుగ్గలు శాశ్వతం కావు. కొన్ని ఏళ్లు, కొన్ని దశాబ్దాలు, తర్వాత మూసుకుపోవచ్చు, లేదా లావా పొంగి అన్నీ కప్పేయొచ్చు. 1991 ఏప్రిల్‌లో తూర్పు పసిఫిక్‌లో ఒక చోటికి దిగిన వాళ్లకి అప్పుడే పొంగిన లావా, కాలిపోయిన గొట్టపు పురుగులు కనిపించాయి. నీళ్లలో బ్యాక్టీరియా పీచు మంచులా ఎగురుతోంది. ఏడాది తిరిగేసరికి పీతలు అక్కడ మూగేశాయి. మూడేళ్లలోపే మనిషి ఎత్తుకి దగ్గరగా పెరిగిన గొట్టపు పురుగులు వచ్చేశాయి. కొత్త చోటికి ముందుగా చేరే జాబితాలో పీత ఎప్పుడూ ఉంటుంది. లార్వాగా తేలుతూ తిరగడం వల్ల కలిగిన లాభం అది.

ఇప్పుడు బొచ్చు పీతలు. పిల్లలు వీటి కోసమే వచ్చారని నాకు తెలుసు.

2005 మార్చిలో, ఈస్టర్ దీవికి దక్షిణంగా దాదాపు 1500 కిలోమీటర్ల అవతల, 2200 మీటర్ల లోతున ఆల్విన్ కిటికీలోంచి జానెడు పొడవున్న ఒక తెల్లటి జీవి కనబడింది. ముందు డెక్కల నిండా బంగారు రంగు బొచ్చు. దానికి కివా హిర్సుటా అని పేరు పెట్టారు. కివా అంటే పాలినీషియన్ పురాణాల్లో సముద్రాన్ని కాచే దేవత. జనం మాత్రం హిమాలయాల మంచు మనిషి యెతిని గుర్తు చేసుకుని యెతి పీత అన్నారు. దీని కోసం కొత్త కుటుంబాన్నే సృష్టించాల్సి వచ్చింది, ఇంతకు ముందున్న ఏ గూటిలోనూ ఇమడలేదు.

నిక్కచ్చిగా మాట్లాడితే ఇది అసలు పీత కాదు. రేపు బజారులో పీతని తీసుకున్నప్పుడు కాళ్లు లెక్కపెట్టండి. రెండు డెక్కలు, నాలుగు జతల కాళ్లు కనిపిస్తాయి. యెతికి డెక్కలు కాక మూడు జతలే కనిపిస్తాయి, ఆఖరి జత చిన్నదైపోయి మడిచి పెట్టుకుని ఉంటుంది. సన్యాసి పీతల వైపు చుట్టం ఇది. ప్రపంచమంతా పీత అంటోంది, నేనూ అంటాను.

ఆ బొచ్చు అందం కోసం కాదు. బొచ్చు నిండా బ్యాక్టీరియా తీగలు తీగలుగా పెరుగుతుంది. అది దాని పొలం. 2006లో కోస్టారికా తీరాన, వెయ్యి మీటర్ల లోతున ఇంకో యెతి దొరికింది. అక్కడ వేడి బుగ్గ కాదు, నేలలోంచి మీథేన్, సల్ఫైడ్ చల్లగా ఊరే చోటు. ఆ పీతలు డెక్కలు రెండూ ఎత్తి లయగా అటూ ఇటూ ఊపుతున్నాయి, నాట్యం చేస్తున్నట్టు. ఆండ్రూ థర్బర్ బృందం చూసి తేల్చిందేంటంటే, కదలకుండా నిలబడితే డెక్కల చుట్టూ ఉన్న పల్చటి నీటి పొరలో ఆక్సిజన్, సల్ఫైడ్ బ్యాక్టీరియా తినేసి ఖాళీ చేస్తుంది. ఊపితే కొత్త నీరు వస్తుంది. రైతులు ఏరియేటర్ తిప్పడానికీ కారణం ఇదే కదా. తర్వాత నోటి పక్కన ఉన్న దువ్వెన లాంటి అవయవంతో బొచ్చు దువ్వి, వచ్చిన పంటని నోట్లో పెట్టుకుంటుంది. దాని ఒంట్లోని కొవ్వుల్ని పరీక్షించినా తిన్నది ఆ బ్యాక్టీరియానే అని తేలింది.

మూడో యెతి నాకు అన్నిట్లోకీ ఇష్టం. 2010లో బ్రిటిష్ ఓడ జేమ్స్ కుక్ అంటార్కిటికా వైపు, ఈస్ట్ స్కోషియా శ్రేణి దగ్గర ఐసిస్ అనే రోబోని దించింది. 2400 నుంచి 2600 మీటర్ల లోతు. పొగగొట్టాల గోడ కనబడకుండా పీతలు. ఒకదాని మీద ఒకటి, చదరపు మీటరుకి 700 దాటి. దీనికి బొచ్చు డెక్కల మీద కన్నా ఛాతీ మీద ఎక్కువ, అందుకని ఓడలోని వాళ్లు బొచ్చు ఛాతీ నటుడు డేవిడ్ హాసెల్‌హాఫ్ పేరు మీద హాఫ్ పీత అని పిలిచారు. 2015లో కివా టైలెరి అని అసలు పేరు వచ్చింది.

అంటార్కిటికా సముద్రంలో పీతజాతి జీవులు కనబడటమే అరుదు. చలి సున్నాకి చేరితే ఇవి రక్తంలోని మెగ్నీషియంని బయటికి తోయలేవు, ఒళ్లు మొద్దుబారి కదల్లేక పోతాయని ఒక వివరణ. మరి ఈ పీత? బుగ్గ చుట్టూ ఉన్న ఆ కొద్దిపాటి వెచ్చటి పట్టీని పట్టుకుని వేలాడుతోంది. ఒక పక్క 380 డిగ్రీల దాకా నీరు, ఇంకో పక్క సున్నా. మధ్యలో ఉన్న జాగా తక్కువ, జనాభా ఎక్కువ. అందుకే ఆ తొక్కిసలాట.

అందులోనూ ఎవరి చోటు వాళ్లది. పెద్ద మగ పీతలు బుగ్గ నోటికి దగ్గరగా, పైన. అక్కడ సల్ఫైడ్ ఎక్కువ, బొచ్చు మీద పంట దట్టం, బాగా ఒళ్లు చేస్తాయి. చిన్నవి కింద, కొంచెం చల్లటి చోట. జత కట్టేది గుంపులోనే. కాని గుడ్లు పెట్టాక ఆడపీత ఆ వెచ్చదనం వదిలేసి బయటికి, సున్నాకి దగ్గరగా ఉన్న నీటిలోకి నడిచిపోతుంది. గుడ్లకి నిలకడగా ఉండే నీరు, ఆక్సిజన్ కావాలి, బుగ్గ దగ్గర ఆ రెండింటికీ గ్యారంటీ లేదు. బయటి ఆ చల్లటి నీటిలో సల్ఫైడ్ ఉండదు కాబట్టి బొచ్చు మీద బ్యాక్టీరియా పోతుంది. అంటే తిండి పోతుంది. పొట్ట కింద గుడ్లు పెట్టుకుని చలిలో చిక్కిపోతూ ఉంటుంది. అలా దూరంగా దొరికిన ఆడపీతల ఒళ్లు బాగా దెబ్బతిని ఉండటం చూసి, బహుశా జీవితంలో ఒక్కసారే గుడ్లు పొదుగుతుందేమో అని పరిశోధకులు అనుమానించారు. తల్లి త్యాగం అని నేను అనను, పీతకి ఆ మాట తెలీదు. కాని మూడు, నాలుగు మీటర్ల నడకలో ఒక జీవి ఇంత పందెం కాయడం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

దూరం కాకుండా వేళ చూసుకునే పీత కూడా ఒకటుంది. తైవాన్ పక్కన కుయీషాన్ అనే తాబేలు ఆకారపు దీవి చుట్టూ, డైవింగ్ చేసి చూడగలిగేంత తక్కువ లోతులోనే గంధకం బుగ్గలున్నాయి. ఆ పీతలు రాతి పగుళ్లలో దాక్కుని ఉంటాయి. పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలిచే కాసేపు, బుగ్గల విషం పైకి నిటారుగా లేచి, పైన తేలే సూక్ష్మజీవులు చచ్చి మంచులా రాలతాయి. అప్పుడు పీతలన్నీ ఒక్కసారి బయటికి వచ్చి ఏరుకు తిని, నీరు కదలగానే లోపలికి. 2004లో తైవాన్, సింగపూర్ శాస్త్రవేత్తలు ఇది రాశారు. ఘడియలు చూసుకునే పీత.

ఇక మన హిందూ మహాసముద్రం. 2000లో జపాన్ వాళ్ల కైకో రోబో, మూడు భూఫలకాలు కలిసే రోడ్రిగ్స్ సంధి దగ్గర కైరేయి అనే బుగ్గల క్షేత్రాన్ని చూసింది. అక్కడి పీత ఆస్టినోగ్రేయా రోడ్రిగెజెన్సిస్, పసిఫిక్ పీతకి దాయాది. ఇంకా నైరుతి వైపు శ్రేణి మీద ఒక యెతి కూడా ఉంది. కైరేయిలోనే ఇనప పొలుసుల కాలున్న నత్త దొరికింది. లోతు సముద్రంలో గనుల తవ్వకం ముప్పు కారణంగా అంతరించే జాబితాకి 2019లో ఎక్కిన మొదటి జీవి అదే.

గనులు అన్నాను కదా. బుగ్గ చుట్టూ పేరుకున్నది రాగి, జింకు, కొంత బంగారం, వెండి. 2016లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో మన దేశం ఒప్పందం చేసుకుంది, మధ్య, నైరుతి హిందూ మహాసముద్ర శ్రేణుల్లో 10,000 చదరపు కిలోమీటర్లలో పదిహేనేళ్లు అన్వేషించడానికి. తవ్వడానికి కాదు, వెతకడానికి. 2024 డిసెంబరులో సాగర్ నిధి ఓడ నుంచి పంపిన యంత్రం 4,500 మీటర్ల లోతున పని చేస్తున్న బుగ్గని ఫోటో తీసింది. ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్లకి దించే మత్స్య 6000 చెన్నైలో తయారవుతోంది. నాకు చాలా సంతోషం. వెతకాలి, చూడాలి. తవ్వకం దగ్గర మాత్రం నా అభిప్రాయం గట్టిది. ప్రపంచం మొత్తం మీద పని చేస్తున్న బుగ్గల విస్తీర్ణం కలిపినా 50 చదరపు కిలోమీటర్లని ఒక అంచనా. వాటి జోలికి పోవద్దు. చల్లారిపోయిన పొగగొట్టాల సంగతి వేరే, అక్కడ వాదించుకుందాం.

ఇక మీ ప్రశ్నలు.

ఒక విద్యార్థి: సార్, ఆ పీతని పులుసు పెట్టుకోవచ్చా?

(నవ్వులు) ఈ ప్రశ్న రాకపోతే ఇది గోదావరి జిల్లా సభే కాదు. వద్దు నాన్నా. బుగ్గ నీటిలోని లోహాలు ఒంట్లో చేరతాయి, గంధకం వాసన మసాలాతో పోయేది కాదు. పైగా దాన్ని పైకి తేవడానికి అయ్యే ఓడ ఖర్చుతో ఊరందరికీ పీతల విందు పెట్టొచ్చు.

ఒక మహిళ: మాస్టారూ, అంత లోతు నుంచి పైకి తెస్తే పగిలిపోదా అండీ?

పగలదమ్మా. చేపకైతే ఒంట్లో గాలితిత్తి ఉంటుంది, ఒత్తిడి తగ్గితే అది ఉబ్బి చంపేస్తుంది. పీతలో గాలి తిత్తులు లేవు, ఉన్నదంతా నీరే, అందుకని ఆకారం చెడదు. కాని ఒత్తిడికి అలవాటుపడ్డ నరాలు, కణాల పొరలు తడబడతాయి. ఎక్కువ రోజులు బతికించాలంటే ఒత్తిడి ఉన్న తొట్టెలో పెట్టాల్సిందే. ఫ్రాన్స్‌లో బ్రెస్ట్ అనే ఊళ్లో ఓషనోపోలిస్ అని అక్వేరియం ఉంది. 2012 నుంచి అక్కడ అట్లాంటిక్ బుగ్గ పీతల్ని చూపించారు. పదహారు లీటర్ల చిన్న తొట్టె, లోపల వాతావరణానికి 180 రెట్లు ఒత్తిడి, మందపాటి చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి బడి పిల్లలు చూశారు.

ఒక రైతు: మన సముద్రంలో, అంటే ఈ కాకినాడ ఎదురుగా, ఇలాంటివి ఉన్నాయంటారా?

వేడి బుగ్గలు లేవండి. మన ఎదురుగా నేల చీలే చోటు లేదు, పైగా గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి, కృష్ణ తెచ్చిన మట్టి అడుగున కిలోమీటర్ల మందాన పేరుకుని ఉంది. కాని కోస్టారికా పీత ఉండేది చల్లటి ఊట దగ్గర అన్నాను గుర్తుందా. అలాంటి ఊట మనకుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో మీథేన్ మంచుగడ్డలా గడ్డకట్టి ఉంది. 2018లో జాతీయ సముద్ర అధ్యయన సంస్థ వాళ్లు సింధు సాధన ఓడలో వచ్చి, సుమారు 1,800 మీటర్ల లోతున ఆ మీథేన్ ఊరే చోటుని పట్టుకున్నారు. గంధకం, మీథేన్ మీద బతికే గుల్లలు, ఆల్చిప్పలు అక్కడ దొరికాయి. మన దేశపు సముద్ర పరిధిలో అలాంటిది బయటపడటం అదే మొదటిసారి. యెతి పీత అందులో దొరికినట్టు ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదు. వెతికింది చాలా కొద్ది చోటులోనే లెండి.